గడప దాటితే ఇల్లు కాదు: బఫెలో మంచు తుఫానులో 31 గంటలు

ఈ వారం వేరే టాపిక్ రెడీగా ఉంది, దాన్ని పక్కన పెట్టేశాను. నిజామాబాద్ నుంచి ఒక నాన్నగారు మెసేజ్ పెట్టారు. వాళ్లమ్మాయి బఫెలోలో ఎంఎస్‌లో చేరిందట, అక్కడ తనకిదే మొదటి చలికాలం. "బాబూ, మంచు తుఫాను వస్తే పిల్లకి ఏం చెప్పాలి? మంచి జాకెట్ కొనుక్కోమన్నాను, ఇంకేం చెప్పాలో తెలీట్లేదు" అన్నారు. నేను రెండు లైన్లు టైప్ చేశా, చెరిపేశా, మళ్లీ టైప్ చేశా. చివరికి "అంకుల్, ఎపిసోడ్ చేస్తాను, అమ్మాయితో కలిసి చూడండి" అన్నాను.

ఎందుకంటే ఇది రెండు లైన్లలో అయ్యేది కాదు. పైగా ఈ కథలో నేను చేసిన ఒక వెధవ పని ఉంది. మా అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు. అమ్మా, చూస్తుంటే పూర్తిగా చూశాకే ఫోన్ చెయ్యి.

2022 డిసెంబర్. అప్పటికి నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నా. క్లయింట్ పని మీద ఆన్‌సైట్ పంపారు. బఫెలో పక్కనే ఆమ్‌హర్స్ట్‌లో అపార్ట్‌మెంట్. యూనివర్సిటీ నార్త్ క్యాంపస్ అక్కడే కాబట్టి చుట్టుపక్కల మనవాళ్లు బాగానే ఉంటారు. మా ఫ్లాట్‌లో ఇద్దరం, నేనూ ఇంకో కొలీగూ. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి వాణ్ణి ఒంగోలు అని పిలుస్తా, వాడి ఊరదే. పై ఫ్లాట్‌లో భీమవరం వాళ్లు: అన్న, వదిన, ఎనిమిది నెలల బాబు, బాబుని చూసుకోడానికి వచ్చిన వదిన వాళ్లమ్మగారు. ఆవిడ్ని నేను పిన్నిగారూ అనేవాణ్ణి. ఆవిడ మాకు గిన్నెల్లో పులుసులు పంపేవారు, మేం కడిగి ఖాళీ గిన్నెలు ఇచ్చేవాళ్లం. అదీ సంబంధం.

ముందు అసలు బఫెలోకే ఈ ఖర్మ ఎందుకో చెప్తా. మన ఊళ్లో చలికాలం పొద్దున్నే చెరువు మీద ఆవిరి లేస్తుంది, చూశారా? నీళ్లు కాస్త వెచ్చగా ఉంటాయి, పైన గాలి చల్లగా ఉంటుంది. ఎరీ సరస్సు మీద జరిగేదీ అదే. కాకపోతే ఆ చెరువు పొడవు దాదాపు 390 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో బస్సెక్కి రాజమండ్రి దగ్గరికి వచ్చేదాకా కిటికీలోంచి ఒకటే నీళ్లు కనపడ్డట్టు. నైరుతి నుంచి వచ్చే చల్లగాలి ఆ పొడవునా తేమని పీల్చుకుంటూ వచ్చి, ఆ కొసన ఉన్న బఫెలో మీద మంచుగా దించేస్తుంది. సరస్సు గడ్డకట్టేస్తే ఈ వ్యవహారం చాలావరకు ఆగుతుంది. డిసెంబర్‌లో ఇంకా గడ్డకట్టలేదు.

అయితే మంచు ఎంత పడిందన్నది అసలు విషయం కాదు. నేనూ మొదట్లో అలాగే అనుకునేవాణ్ణి. సరిగ్గా నెల ముందు, నవంబర్‌లో, బఫెలోకి దక్షిణాన ఉన్న ఆర్చర్డ్ పార్క్‌లో 80 అంగుళాలు పడింది. రెండు మీటర్లు, నిలబడ్డ మనిషి మునిగిపోయేంత. డిసెంబర్‌లో ఎయిర్‌పోర్ట్ దగ్గర కొలిచింది దాదాపు 52 అంగుళాలు. కానీ ఎక్కువ మందిని చంపింది డిసెంబర్‌దే. తేడా గాలి. అమెరికా వాతావరణ శాఖ లెక్క ప్రకారం బ్లిజార్డ్ అనాలంటే గంటకి 56 కిలోమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ గాలి ఉండాలి, 400 మీటర్ల అవతల ఏమీ కనపడకూడదు, ఇది కనీసం మూడు గంటలు సాగాలి. మూడు గంటలు. బఫెలోలో ఇది 37 గంటలు సాగింది. మధ్యలో 110 కిలోమీటర్లు దాటిన విసురు గాలులు కూడా ఉన్నాయి. ఆ ఊరి పెద్దవాళ్లు ఇప్పటికీ 1977 జనవరి తుఫాను గురించి చెప్తారు. అప్పుడు సరస్సు గడ్డకట్టే ఉంది, కొత్తగా పడ్డ మంచు ఓ అడుగే. సరస్సు మీద పేరుకున్న మంచునంతా గాలి ఎత్తి తెచ్చి ఊళ్లో పోసింది. 29 మంది పోయారు.

సరే, మా కథకొద్దాం. శుక్రవారం, డిసెంబర్ 23. పొద్దున లేచేసరికి వాన. జాకెట్ లేకుండా బాల్కనీలో నిలబడేంత మామూలుగా ఉంది. మా ఒంగోలు కాఫీ తాగుతూ "తుఫాను తుఫాను అని వారం నుంచి ఊదరగొట్టారు, ఇదేనా? మేం చూడని తుఫాన్లా" అన్నాడు. వాడి ప్లాన్ ఏంటంటే న్యూజెర్సీలో కజిన్ ఇంటికి కారులో వెళ్లి లాంగ్ వీకెండ్ గడపడం. బ్యాగు కూడా సర్దేశాడు. స్నానం చేసి వచ్చేసరికి ఎదురు బిల్డింగ్ లేదు. అంటే ఉంది, కనపడట్లేదు. తెల్ల గోడ కట్టేసినట్టు. 9:30 నుంచి ఎరీ కౌంటీలో ట్రావెల్ బ్యాన్ పెట్టేశారు, కారు రోడ్డెక్కితే నేరం. బ్యాన్ ఆలస్యంగా పెట్టారని, అప్పటికే బోలెడంత మంది డ్యూటీలకి వెళ్లిపోయారని తర్వాత చాలా విమర్శలొచ్చాయి. నాకూ అది న్యాయమైన విమర్శే అనిపిస్తుంది. మేం ల్యాప్‌టాప్‌తో ఇంట్లోంచి పని చేసుకునేవాళ్లం. గంటల లెక్కన జీతం వచ్చేవాడు "రేపు తుఫాను కదా" అని తనంతట తాను ఎక్కడ మానేస్తాడు?

రాత్రి 11కి కరెంటు పోయింది.

ఇక్కడ ఒక విషయం, అక్కడికి కొత్తగా వెళ్లేవాళ్లెవరికీ తెలీదు. నాకూ తెలీదు. మా ఇంటి హీటింగ్ గ్యాస్‌తో నడిచేది. ఒంగోలు ధీమాగా "గ్యాస్ రా ఇది, కరెంటుతో పనేముంది" అన్నాడు. పది నిమిషాలకి ఇల్లు చల్లబడటం మొదలైంది. గ్యాస్ మంట వేడి పుట్టిస్తుంది గానీ, ఆ వేడిని గొట్టాల్లోంచి గదుల్లోకి నెట్టేది కరెంటు ఫ్యాను. మంట వెలిగించేదీ కరెంటే, కంట్రోల్ బోర్డుదీ కరెంటే. గ్యాస్ పైపులో గ్యాస్ ఉంటుంది, ఇల్లు మాత్రం గడ్డకడుతుంది. కాబట్టి అమ్మాయికి మొదట చెప్పాల్సింది ఇదే అంకుల్: మీ ఇంట్లో హీటింగ్ దేనితో నడుస్తుందో, కరెంటు పోతే ఏమవుతుందో ఓనర్‌ని ఇప్పుడే అడగమనండి.

గంటకల్లా పై నుంచి అన్న తలుపు కొట్టాడు. బాబుకి ఎలాగా అని. అందరం ఒక్కచోట ఉందామనుకున్నాం. మాది కింది ఫ్లాట్, పక్కన గోడలన్నీ వేరే ఫ్లాట్లవి, బయటి గోడ ఒక్కటే. అందులోనూ చిన్న బెడ్రూమ్ ఎంచుకున్నాం. ఇక్కడ నాలోని ఇంజనీరు లేచాడు. మనిషి ఊరికే కూర్చున్నా దాదాపు 100 వాట్ల వేడి వదులుతాడు, పాత పసుపు బల్బు అంత. ఐదుగురు పెద్దవాళ్లు, అంటే 500 వాట్లు, ఓ చిన్న హీటరు. ఆ 500 వాట్లని హాలు, వంటిల్లు, రెండు బెడ్రూములకి పంచితే ఎవరికీ ఏమీ మిగలదు. పది అడుగుల గదిలో బంధిస్తే పనికొస్తుంది. అంచేత ఇంటిని చిన్నది చేశాం. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కాం. కిటికీకి దుప్పట్లు కొట్టి, దానికి ఆనించి ఒక పరుపు నిలబెట్టాం. నేల మీద ఇంకో పరుపు, అందరూ దాని మీదే. తడిసిన సాక్సులు వెంటనే మార్చమని పిన్నిగారు అందర్నీ తిట్టారు, అది కరెక్ట్. తడి బట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఒక్క మందపాటి దానికన్నా నాలుగు పల్చటివి ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మేలు, మధ్యలో గాలి నిలుస్తుంది కాబట్టి. థర్మోస్టాట్ బ్యాటరీది, హాల్లో టెంపరేచర్ చూపిస్తూనే ఉంది. సెల్సియస్‌లో చెప్తే పడుకోబోయేటప్పుడు 17, శనివారం పొద్దునకి 10. గదిలో మాత్రం ఊపిరి పొగలా కనపడలేదు.

కుళాయిలు సన్నటి ధారగా వదిలేశాం, సింకు కింద అల్మరా తలుపులు తెరిచిపెట్టాం. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, పైపు పగులుతుంది. తుఫాను పోయాక ఇంట్లో వరద వచ్చేది దీనివల్లే. ఇది మా ఓనర్ వారం ముందే మెయిల్ పెట్టాడు, ఎవరం చదవలేదు, ఒంగోలుకి గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. రాత్రి రెండింటికి బాబు ఏడుపు మొదలైంది. పిన్నిగారు నెమ్మదిగా అన్నారు: "బాబూ, బాల్కనీలో బొగ్గుల సంచీ ఉంది కదా. ఓ కుంపటి లాంటిది పెడదామా? మా ఇళ్లల్లో బాలింత గదిలో కుంపటి పెట్టేవాళ్లు, ఏమయ్యేది కాదు." వేసవిలో చికెన్ కాల్చుకోడానికి అన్న కొన్న గ్రిల్లు, సగం సంచీ బొగ్గులూ నిజంగానే ఉన్నాయి. అన్న లేచాడు కూడా.

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. మన పాత పెంకుటిళ్లల్లో కుంపట్లు పెట్టేవాళ్లు. కానీ ఆ ఇంటికి పెంకుల మధ్య సందులు, తలుపు కింద బెత్తెడు ఖాళీ, కిటికీకి అద్దాలే ఉండవు. ఆ ఇల్లే ఊపిరి పీల్చేది. అప్పుడు కూడా అందరికీ ఏమీ కాలేదని ఎవరు చెప్పగలరు, లెక్క రాసినవాళ్లెవరు? ఈ అపార్ట్‌మెంట్ అలా కాదు. రెండు పొరల అద్దాలు, సందుల్లో రబ్బరు, ఆ పైన మేమే తువ్వాళ్లు కుక్కాం. బొగ్గు సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ ఒకడు తువ్వాలు వేసి ఆపేసినట్టు. మీరు ఊపిరి పీలుస్తూనే ఉంటారు, లోపలికి ఏమీ వెళ్లదు. తలనొప్పి, వికారం, నిద్ర. చలికి నిద్రొస్తోందేమో అనుకుంటారు. పసివాళ్లకి ఇంకా తొందరగా ఎక్కుతుంది.

ఇదంతా నేను ఆ రాత్రి ఆ గదిలో, టార్చ్ వెలుగులో, పిన్నిగారికి పాఠంలా చెప్పాను. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు ఇంట్లో బొగ్గులు వెలిగించుకుని, గరాజ్‌లో కారు ఆన్ చేసుకుని జనం చనిపోయారని కూడా చెప్పాను. ఆవిడ మారు మాట్లాడకుండా బాబుని తన చీర కొంగులో, చొక్కా విప్పేసి, ఒంటికి ఒళ్లు తగిలేలా పట్టుకుని పైన రెండు రగ్గులు కప్పుకున్నారు. బాబు పడుకున్నాడు. మా ఐడియాలన్నిటికన్నా బాగా పనిచేసింది అదే. వంట స్టవ్ అగ్గిపుల్లతో వెలిగింది, దాని మీద పాలు, అన్నం, పప్పు చేసుకున్నాం, కిటికీ కాస్త తెరిచి, అయిపోగానే ఆపేసి. గది వేడెక్కడానికి మాత్రం దాన్ని వాడలేదు. అందులోంచీ అదే గ్యాస్ వస్తుంది.

గుర్తుపెట్టుకోండి, ఆ పాఠం చెప్పింది నేనే.

శనివారం మధ్యాహ్నం రెండు. నా ఫోన్ 6 శాతం. పవర్ బ్యాంక్ రాత్రే అయిపోయింది, ల్యాప్‌టాప్ చార్జింగ్ కూడా ఫోన్లకే ఊడ్చేశాం. ఖమ్మంలో అర్ధరాత్రి దాటింది, అమ్మ పడుకోలేదు. టీవీలో బఫెలో చూపిస్తున్నారట. పావుగంటకోసారి కాల్. "ఇంట్లోనే ఉన్నానమ్మా, ఏం కాదు" అని పెట్టేస్తున్నా. ఈ ఫోన్ ఆగిపోతే ఆవిడ పరిస్థితేంటి అనే ఆలోచన. కారు పార్కింగ్‌లోనే ఉంది, తలుపు నుంచి నలభై అడుగులు. వెళ్లి అరగంట కూర్చుని చార్జ్ చేసుకొస్తే సరి. అది బయటికి వెళ్లడం కింద నా బుర్రలో లెక్కే కాలేదు. పార్కింగ్ అంటే ఇల్లే కదా. ఒంగోలు వద్దన్నాడు. విననని తెలిసి "ఇరవై నిమిషాల్లో రాకపోతే వస్తా" అన్నాడు.

తలుపు దాటాక మూడో అడుగుకి వెనక్కి చూస్తే బిల్డింగ్ లేదు. మైనస్ 12 డిగ్రీలు, గంటకి 65 కిలోమీటర్ల గాలి అనుకుంటే ఒంటికి అది మైనస్ 26లా తగులుతుంది. కళ్లు తెరిస్తే సూదులు. చేతులు చాపుకుని నడిచి, కారుని గుద్దుకుని కనుక్కున్నా. తలుపు లాగి లోపల కూర్చుని స్టార్ట్ చేశా. ప్రాణం లేచొచ్చింది. హీటర్, చార్జర్, అమ్మకి మెసేజ్. కారు వెనక వైపు మంచు డిక్కీ దాకా పేరుకుందని చూశాను. చూసి, "తర్వాత తవ్వాలి" అనుకున్నా. ఆ మంచులోపలే పొగగొట్టం ఉందని తట్టలేదు.

కాసేపటికి తలనొప్పి మొదలైంది. రాత్రంతా నిద్ర లేదు కదా అనుకున్నా. వెచ్చగా ఉంది. కళ్లు మూసుకున్నా.

ఆ తర్వాత నాకు గుర్తున్నది మొహం మీద చల్లటి దెబ్బ, ఒంగోలు బూతులు. వాడు సరిగ్గా ఇరవై నిమిషాలకి బయల్దేరాడు. ఖాళీ చేతులతో కాదు. మనం ఇండియా నుంచి బట్టలారేసుకోడానికి నైలాన్ తాడు పట్టుకెళ్తాం కదా, దాని ఒక కొస మెట్ల రెయిలింగ్‌కి, రెండో కొస నడుముకి కట్టుకుని వచ్చాడు. నన్ను బయటికి లాగాడు, మంచులో వాంతి చేసుకున్నా, కాస్త తెలివొచ్చాక నేను నా ధైర్యాన ఎడమవైపు నడవబోయా. ఇల్లు అటే అని నాకు నూటికి నూరు శాతం నమ్మకం. తాడు కుడివైపు లాగింది.

911కి ఫోన్ చేద్దామని అన్న అన్నాడు. చేసినా వచ్చే పరిస్థితి లేదు. అంబులెన్సులు, ఫైరింజన్లు, మంచు తీసే బళ్లే రోడ్ల మీద ఇరుక్కుపోయాయి, కాపాడటానికి వెళ్లినవాళ్లని కాపాడాల్సి వచ్చింది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి గాలి పట్టించారు. సాయంత్రానికి తలనొప్పి తగ్గింది. ఇది నా అదృష్టం, అలాంటప్పుడు మామూలుగా అయితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పిన్నిగారు ఒక్క మాట కూడా అనలేదు. టీ పెట్టిచ్చారు. అది తిట్టడం కన్నా ఎక్కువ.

ఆ తుఫానులో ఎరీ కౌంటీలో 47 మంది పోయారు. ఎక్కువ మంది బయట దొరికినవాళ్లు. తర్వాత ఇంట్లోనే హీటింగ్ లేక పోయినవాళ్లు. కొందరు కార్లలో. కొందరు మంచు తవ్వుతూ గుండె ఆగి. ఇంకొందరు సాయం సమయానికి అందక. ఈ లిస్టు తర్వాత చదివినప్పుడు నేను ఏ వరుసలో ఉండేవాణ్ణో వెతుక్కున్నా.

కారులో ఇరుక్కోవడం వేరే సంగతి, అప్పుడు కారు వదిలి నడవొద్దు. ముందు పొగగొట్టం చుట్టూ మంచు తియ్యాలి, గంటకి పది నిమిషాలు మాత్రం ఇంజన్ వెయ్యాలి, గాలి తగలని వైపు అద్దం కాస్త దించాలి. దగ్గర్లో ఏ ఇల్లు కనపడితే ఆ తలుపు కొట్టొచ్చు, సిగ్గుపడక్కర్లేదు. మా పక్కనే విలియమ్స్‌విల్‌లో కొరియా నుంచి వచ్చిన టూరిస్టుల వ్యాన్ ఇరుక్కుపోతే, పార అడగడానికి వెళ్లినవాళ్లని ఒక జంట లోపలికి పిలిచి రెండు రాత్రులు పెట్టుకున్నారు. ఆ ఇంట్లో కొరియన్ వంట సామాను ఉండటంతో వంట కూడా వీళ్లే చేసి పెట్టారట. చీక్టోవాగాలో ఒక మెకానిక్ స్కూలు కిటికీ పగలగొట్టి ఇరవై మందికి పైగా జనాన్ని లోపల పెట్టి, వెళ్లేటప్పుడు క్షమాపణ చీటీ రాసి పెట్టాడు. పోలీసులు కేసు పెట్టలేదు, థాంక్స్ చెప్పారు.

మాకు ఆదివారం పొద్దున ఆరింటికి కరెంటొచ్చింది. ఫ్రిజ్ గుర్రుమన్న శబ్దానికి అందరం లేచాం. గాలి ఆగింది, బయట ఎండ, పార్కింగ్‌లో కార్ల బదులు తెల్ల దిబ్బలు. అన్న ఉత్సాహంగా పార పట్టుకుంటే వదిన లాక్కుంది. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, దాని మీద ఊపిరి బిగబట్టి చేతులతో బరువెత్తితే గుండె మీద ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. నలభై దాటినవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు ఆ పని డబ్బిచ్చి చేయించుకోవడం చవక. మేం కొంచెం కొంచెం తోసుకుంటూ రెండ్రోజులు తీశాం.

అంకుల్, అమ్మాయికి కొనమనాల్సినవి మీరే అడిగారు కాబట్టి చెప్తున్నా. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం, పెద్ద పవర్ బ్యాంకులు రెండు, టార్చ్, అగ్గిపెట్టె, వండకుండా తినేవి మూడు రోజులకి, మందులేమైనా వాడుతుంటే వారానికి సరిపడా. హెచ్చరిక వచ్చిన రోజే కొనుక్కోవాలి, తెల్లారాక కాదు. కింద ఎవరుంటారో, పైన ఎవరుంటారో పేర్లు తెలుసుకోమనండి. మీరు మాత్రం ఒక సాయం చెయ్యండి. పావుగంటకోసారి ఫోన్ చెయ్యకండి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని ముందే మాట్లాడుకోండి, మధ్యలో ఫోన్ ఆఫ్ ఉంటే చార్జింగ్ దాచుకుంటోందని అనుకోండి. ఇది మా అమ్మ మీద నెపం కాదు. ఆవిడకి నేనే ముందు చెప్పి ఉండాల్సింది.

ఆ నైలాన్ తాడు ఇప్పటికీ ఒంగోలు దగ్గరే ఉంది. ఈ వీడియోలో చూపిద్దాం పంపరా అంటే, "బట్టలు తడిగా ఉన్నాయి, రేపు చూద్దాం" అన్నాడు.